వార్ధక్యం, విశ్వాసం, కుటుంబప్రేమ: నాజియాంజస్ గ్రెగొరీ రచనల చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞ, దైవపిలుపు కోసం వారిని సైతం విడిచి రమ్మన్న ఆజ్ఞ - ఈ రెండూ క్రైస్తవ ధర్మంలో మొదటినుంచీ పక్కపక్కనే ఉన్నాయి. సన్న్యాస జీవనం విస్తరించిన నాల్గవ శతాబ్దంలో వీటి మధ్య ఘర్షణ తీవ్రమైంది. కప్పదొకియ దేశానికి చెందిన నాజియాంజస్ గ్రెగొరీ ఆ ఘర్షణను స్వయంగా అనుభవించి, ప్రసంగాలలోనూ లేఖలలోనూ కవితలలోనూ నమోదు చేశాడు. వృద్ధులైన తండ్రి, తల్లి పట్ల అతనికున్న ప్రేమ, బాధ్యత, ఆగ్రహం ఆ రచనలలో ఎలా కలిసి ఉన్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వృద్ధులు సేవను అందుకొనేవారు మాత్రమే కాక, తమ ఇష్టాన్ని చెల్లించుకొనే శక్తి గల వ్యక్తులు కూడా అన్న అవగాహన ఈ రచనల ప్రత్యేకత అని నిరూపిస్తుంది.

కీలక పదాలు: వార్ధక్యం, పితృసేవ, సన్న్యాసం, కప్పదొకియ, గ్రెగొరీ, నోన్నా, ధర్మవ్యాధోపాఖ్యానం.

1. ఉపోద్ఘాతం

ఆరణ్యపర్వశేషంలో ఎఱ్ఱన తెలిగించిన ధర్మవ్యాధోపాఖ్యానం తెలుగు సాహిత్య పాఠకులకు సుపరిచితం. కోపదృష్టితో కొంగను కూల్చిన కౌశికుడు ఒక గృహిణి మాట మీద మిథిలకు వెళ్లి, మాంసం అమ్మి జీవించే ధర్మవ్యాధుణ్ణి ఆశ్రయిస్తాడు. వ్యాధుడు అతనికి ధర్మసూక్ష్మాలెన్నో చెప్పి, చివరకు తన ఇంటి లోపలికి తీసుకువెళ్లి ముదిమి మీరిన తల్లిదండ్రులను చూపిస్తాడు. తన సిద్ధికి మూలం వారి సేవ అంటాడు. వేదాధ్యయనం కోసం కన్నవారి అనుమతి లేకుండా ఇల్లు విడిచిన కౌశికుణ్ణి తిరిగి వారి దగ్గరికే పంపిస్తాడు. ఆత్మోద్ధరణ కోసం ఇల్లు విడవాలా, ముసలివారైన కన్నవారి కోసం ఇంట నిలవాలా అన్న ప్రశ్నకు ఆ కథ ఇచ్చిన సమాధానంలో సందిగ్ధత లేదు.

ఇదే ప్రశ్న క్రీస్తుశకం నాల్గవ శతాబ్దంలో, నేటి తుర్కియే మధ్యభాగంలోని కప్పదొకియలో, ఒక క్రైస్తవ కుటుంబంలో ఎదురైంది. అక్కడ దానికి అంత సులువైన సమాధానం దొరకలేదు. ఆ కుటుంబానికి చెందిన గ్రెగొరీ 329 ప్రాంతంలో పుట్టి 390 ప్రాంతంలో మరణించాడు. త్రిత్వ సిద్ధాంతాన్ని వివరించినందుకు తూర్పు క్రైస్తవ సంప్రదాయం అతనికి 'దైవశాస్త్రవేత్త' అన్న బిరుదునిచ్చి గౌరవించింది. అతని 44 ప్రసంగాలు, 240కి పైగా లేఖలు, సుమారు 17,000 పంక్తుల కవిత్వం నేటికీ లభిస్తున్నాయి. ఆ సిద్ధాంతంపై జరిగినంత చర్చ అతని గృహజీవితంపై జరగలేదు. అయితే మూడు పదుల వయసు దగ్గరపడినప్పటినుంచి నలభై అయిదేళ్ల వరకు అతని జీవితాన్ని నిర్దేశించింది ముసలి తల్లిదండ్రుల ఉనికే. దాదాపు ప్రతి కీలక నిర్ణయం వెనుక వారి నెరిసిన తలలు కనిపిస్తాయి.

2. రెండు ఆజ్ఞల మధ్య

మోషే ధర్మశాస్త్రంలోని పది ఆజ్ఞలలో ఐదవది తల్లిదండ్రులను సన్మానించమంటుంది. మార్కు సువార్త 7వ అధ్యాయంలో యేసు ఈ ఆజ్ఞను మరింత నిర్దిష్టం చేశాడు. తల్లిదండ్రులకు చెందవలసిన పోషణను 'కొర్బాను', అనగా దేవార్పితం, అని ప్రకటించి ఎగవేసే ఆచారాన్ని ఖండించాడు. భక్తిని సాకుగా చూపి ముసలివారి అన్నం తీసివేయరాదన్నది అందులోని సారాంశం. తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం విధవరాండ్ర పోషణను ముందుగా వారి సంతానం మీదనే ఉంచింది. స్వకీయులను పట్టించుకోనివాడు అవిశ్వాసి కన్న హీనుడని అది తీర్పు చెప్పింది. యోహాను సువార్తలో సిలువ మీద ఉన్న యేసు తన తల్లిని ప్రియశిష్యుడికి అప్పగించడం ఈ ధోరణికి పరాకాష్ఠ.

అయితే అవే సువార్తలలో దీనికి ఎదురునిలిచే మాటలూ ఉన్నాయి. లూకా 9వ అధ్యాయంలో తండ్రిని పాతిపెట్టి వస్తానన్న వ్యక్తికి ఆ వ్యవధి కూడా దొరకదు. 14వ అధ్యాయంలో తల్లిదండ్రులను సైతం ద్వేషించగలవాడే శిష్యుడు కాగలడన్న కఠినమైన షరతు వినిపిస్తుంది. హింసల కాలంలో ఈ మాటలు హతసాక్షులకు వర్తించాయి. హింసలు ఆగిన నాల్గవ శతాబ్దంలో వాటిని సన్న్యాసులు తమకు అన్వయించుకొన్నారు.

ఈ అన్వయం చిన్న ఆసియాలో ఎంత ఉద్రిక్తతకు దారితీసిందో చెప్పడానికి గాంగ్రా సభ సాక్ష్యం. నాల్గవ శతాబ్ది మధ్యభాగంలో పాఫ్లగోనియా దేశపు గాంగ్రా పట్టణంలో కూడిన బిషప్పులు, సెబాస్తె యూస్తాతియస్ అనుచరుల తీవ్ర వైరాగ్యాన్ని నిషేధిస్తూ నియమాలు చేశారు. వాటిలో 15వది వైరాగ్యం పేరిట సంతానాన్ని విడిచే తల్లిదండ్రులను, 16వది భక్తి పేరిట తల్లిదండ్రులను విడిచి వారికి తగిన గౌరవం చూపని సంతానాన్ని శపించాయి. నిషేధించవలసి వచ్చిందంటే ఆ ఆచారం అప్పటికే ఉన్నట్లు లెక్క. గ్రెగొరీ ప్రాణస్నేహితుడైన బాసిల్ యౌవనంలో ఈ యూస్తాతియస్‌నే ఆదర్శంగా భావించాడు. కనుక గ్రెగొరీ ఎదుర్కొన్న సందిగ్ధం అతని ఒక్కడిది కాదు, ఒక తరానిది.

3. నాజియాంజస్ గృహం

తండ్రి పేరూ గ్రెగొరీయే. చరిత్రకారులు అతన్ని వృద్ధ గ్రెగొరీ అంటారు. భూవసతి గల ఈ గృహస్థు తొలుత 'హిప్సిస్తారి' అనే శాఖకు చెందినవాడు. ఆ శాఖవారు విగ్రహాలను తిరస్కరించి సర్వోన్నతుడైన ఏకదైవాన్ని కొలిచేవారు. అగ్నిని, దీపాలను పూజించేవారు. యూదుల వలె విశ్రాంతిదినాన్ని, ఆహారనియమాలను పాటించేవారు. భార్య నోన్నా క్రైస్తవ కుటుంబంలో పుట్టినది. భర్తను తన విశ్వాసంలోకి తేవడానికి ఆమె ఏళ్ల తరబడి చేసిన ప్రార్థన 325 ప్రాంతంలో, నైసియా మహాసభకు బిషప్పులు ప్రయాణిస్తున్న రోజులలో, ఫలించింది. కొద్ది ఏళ్లకే అతడు నాజియాంజస్ బిషప్ అయ్యాడు. 374లో మరణించేవరకు సుమారు 45 ఏళ్లు ఆ పదవిలో ఉన్నాడు. మరణించేనాటికి అతని వయసు నూరేళ్లకు చేరువలో ఉందని కుమారుడు చెప్పాడు. ఆ పట్టణంలో అష్టకోణాకృతి గల దేవాలయాన్ని అధికభాగం సొంత ధనంతో కట్టించాడు.

ఈ దంపతులకు గోర్గోనియా, గ్రెగొరీ, సిజేరియస్ అనే ముగ్గురు సంతానం. బిడ్డలు కలిగేనాటికి తల్లిదండ్రుల యౌవనం గడిచిపోయింది. అందువల్లనే గ్రెగొరీ తన తల్లిదండ్రులను మాటిమాటికీ అబ్రాహాము శారాలతో పోల్చాడు. నోన్నా అతన్ని పుట్టకముందే దేవునికి మొక్కుకొంది. వృద్ధులకు ఆలస్యంగా కలిగిన సంతానానికి ఒక ప్రత్యేకమైన భారం ఉంటుంది. ఆ సంతానం పెరిగి పెద్దయ్యేసరికే కన్నవారి ముదిమి గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంటుంది.

4. ఏథెన్స్ నుంచి ఇంటికి

గ్రెగొరీ కప్పదొకియలోని కైసరయలోను, పాలస్తీనా కైసరయలోను, అలెగ్జాండ్రియాలోను చదివి, చివరకు ఏథెన్స్‌లో దాదాపు పదేళ్లు అలంకారశాస్త్రం అభ్యసించాడు. అక్కడే బాసిల్‌తో స్నేహం గట్టిపడింది. చదువు ముగిశాక కలిసి విరక్త జీవనం గడపాలని ఇద్దరూ మాట ఇచ్చుకొన్నారు. బాసిల్ పొంతు దేశంలో ఐరిస్ నది ఒడ్డున ఆశ్రమం ఏర్పరచుకొన్నాడు. గ్రెగొరీ మాత్రం ఇంటికి వచ్చి ఆగిపోయాడు.

ఆగిపోవడానికి కారణం అతని లేఖాసంపుటిలోని మొదటి లేఖలోనే ఉంది. ఇచ్చిన మాట తప్పానని బాసిల్ ముందు ఒప్పుకొంటూ, అది తన ఇష్టంతో జరిగినది కాదని, ఒక ధర్మం మరొక ధర్మాన్ని అధిగమించిందని అతడు వివరించాడు. స్నేహధర్మాన్ని తల్లిదండ్రుల సేవాధర్మం జయించిందన్నది ఆ వివరణ. అయితే ఆ లేఖ అంతటితో ముగియలేదు. కొంతకాలం తాను అక్కడికి వస్తానని, కొంతకాలం బాసిల్ ఇక్కడికి రావాలని అతడు బేరమాడాడు. సేవాధర్మం గెలిచినా, ఓడిన ధర్మం పట్ల మమకారం చావలేదు. అతని రచనలన్నింటా వినిపించే ద్వైధీభావానికి ఇదే ఆరంభం.

ఇంటి సేవ అంటే కాళ్లొత్తడం, మంచినీళ్లందించడం మాత్రమే కాదు. తన జీవితవిషయాలపై రాసిన ఒక కవితలో గ్రెగొరీ ఆ పనిని వివరించాడు. బానిసలను అదుపు చేయడం, పన్నులు చెల్లించడం, వసూలుదారులకు సమాధానం చెప్పడం, న్యాయస్థానాల చుట్టూ తిరగడం - ఇదంతా తండ్రి ఆస్తి నిర్వహణలో భాగం. ఏథెన్స్‌లో ప్లేటోను చదివిన వ్యక్తికి లెక్కల పుస్తకం చేతికి వచ్చింది. ముదుసలి తండ్రికి చేసే సేవలో పెద్దభాగం ఆయన చేయలేకపోతున్న పనులను చేయడమే అన్న వాస్తవాన్ని ఆ కవిత దాచలేదు.

5. బలవంతపు అభిషేకం, పలాయనం, పునరాగమనం

361 చివరిలోనో 362 ఆరంభంలోనో వృద్ధ గ్రెగొరీ తన కుమారుణ్ణి బలవంతంగా గురువుగా అభిషేకించాడు. వయసు మీరిన బిషప్‌కు సంఘనిర్వహణలో చేదోడు కావాలి. విశ్వాసులూ అదే కోరారు. కుమారుడి అంగీకారం ఎవరూ అడగలేదు. గ్రెగొరీ ఆ చర్యను నిరంకుశత్వం అన్నాడు. రెండు దశాబ్దాల తరువాత ఆత్మకథాత్మక కావ్యం రాసినప్పుడు కూడా ఆ మాటను ఉపసంహరించుకోలేదు. అభిషేకం జరిగిన కొద్దిరోజులకే పొంతులోని బాసిల్ దగ్గరికి పారిపోయాడు. కొన్ని వారాల తరువాత, 362 ఈస్టర్ నాటికి తిరిగివచ్చాడు.

ఆ పలాయనాన్ని, పునరాగమనాన్ని సమర్థించుకొంటూ రాసినదే 2వ ప్రసంగం. గురుత్వ బాధ్యతపై తూర్పు క్రైస్తవ సాహిత్యంలో మొదటి సమగ్ర గ్రంథంగా దీనిని పండితులు పరిగణిస్తారు. జాన్ క్రిసోస్తమ్ గ్రంథం దీని ఛాయలోనే వెలువడింది. సుదీర్ఘమైన సిద్ధాంతచర్చ తరువాత, దాదాపు చివరకు, తాను తిరిగి రావడానికి కారణాలు చెబుతూ గ్రెగొరీ తల్లిదండ్రుల ముదిమి దగ్గరికి వచ్చాడు. వారిని వయసు కన్న తన గురించిన దిగులే ఎక్కువగా కుంగదీసిందన్నాడు. వారి వార్ధక్యానికి ఊతకర్ర కావడాన్ని తన తత్త్వజీవనానికి తొలిఫలంగా అర్పించాలని ఒకప్పుడు సంకల్పించుకొన్నట్లు గుర్తుచేసుకొన్నాడు.

ఇక్కడ 'తత్త్వజీవనం' అన్న మాటను గమనించాలి. నాల్గవ శతాబ్ది గ్రీకు క్రైస్తవ రచనలలో తత్త్వశాస్త్రాన్ని సూచించే పదమే సన్న్యాసజీవనానికి కూడా వాడుకలో ఉంది. వృద్ధులైన తల్లిదండ్రుల పోషణకు గ్రీకులో 'గేరోత్రోఫియా' అన్న ప్రత్యేక పదం ఉంది. ప్రాచీన ఏథెన్స్ చట్టం ఆ పోషణను పౌరధర్మంగా విధించి, ఎగవేసినవారిని శిక్షించింది. గ్రెగొరీ ఈ రెండు పదాలను ఒకచోట చేర్చాడు. పితృపోషణ సన్న్యాసానికి అడ్డంకి కాదు, అదే సన్న్యాసానికి తొలిమెట్టు అన్న ప్రతిపాదన ఆ చేరికలో ఉంది. పౌరధర్మంగా వచ్చిన విధిని అతడు తపస్సుగా మార్చాడు. గాంగ్రా సభ శాపంతో సాధించదలచినదాన్ని అతడు అర్థవిస్తరణతో సాధించాడు.

తరువాతి ఏళ్లలో ఈ సేవ మరో రూపం దాల్చింది. వృద్ధ బిషప్ అస్పష్టమైన ఒక విశ్వాసప్రకటనపై సంతకం చేయగా స్థానిక సన్న్యాసులు సంఘాన్ని వీడిపోయారు. వారిని 364లో తిరిగి కలిపింది కుమారుడే. తండ్రి తప్పును బయట ఎండగట్టకుండా, కపటం లేని సరళత్వం వల్ల మోసపోయాడని సర్దిచెప్పాడు. 370లో బాసిల్ కైసరయ బిషప్‌గా ఎన్నికయ్యే సమయంలో తండ్రి పేరుతో వెళ్లిన లేఖలను రాసిందీ అతడే. తండ్రి చేయి వణికితే కుమారుడు కలమయ్యాడు.

6. బిడ్డలను సాగనంపిన ముసలివారు

చిన్నకుమారుడు సిజేరియస్ వైద్యం చదివి రాజాస్థానంలో చేరాడు. క్రైస్తవ విరోధి అయిన జూలియన్ చక్రవర్తి కొలువులోనూ అతడు కొనసాగినప్పుడు ఇంట్లో రేగిన కలవరాన్ని గ్రెగొరీ 7వ లేఖలో తమ్ముడికి తెలిపాడు. బిషప్ కుమారుడే ఆ కొలువులో ఉంటే ఇతరులకు ఏమని బోధించాలని తండ్రి కుమిలిపోతున్నాడు. తల్లికి మాత్రం ఈ సంగతి తెలియనివ్వకుండా అందరూ నానా ఉపాయాలతో దాచిపెడుతున్నారు. ముసలి తల్లి చెవిన చెడువార్త పడకుండా ఇంటిల్లిపాదీ కాపలా కాసే ఈ దృశ్యం ఏ దేశపు పాఠకుడికైనా పరిచితంగానే ఉంటుంది.

సిజేరియస్ తరువాత ఆ కొలువు విడిచాడు. 368 అక్టోబరులో నైసియాను నేలమట్టం చేసిన భూకంపం నుంచి ప్రాణాలతో బయటపడి, కొద్దికాలానికే జబ్బుచేసి మరణించాడు. పెళ్లి లేదు, సంతానం లేదు. ఆస్తిని పేదలకు ఇవ్వమన్నది అతని చివరి కోరిక. ఆస్తిని సేవకులు దోచుకోగా, అప్పులు రావాలంటూ వచ్చిన వారితో వేగే పని అన్నగారి మీద పడింది. ఆ తరువాత కొద్దికాలానికే గోర్గోనియా కన్నుమూసింది. తమ కోసం సిద్ధం చేసుకొన్న సమాధిలో తల్లిదండ్రులు ముందుగా కుమారుణ్ణి ఉంచవలసి వచ్చింది. 7వ ప్రసంగంలో గ్రెగొరీ ఈ క్రమవిపర్యయాన్ని ఎత్తిచూపాడు. శోకగీతాలకు బదులు కీర్తనలు పాడుతూ అంత్యయాత్రలో నడిచిన తల్లిని వర్ణించాడు. పునరుత్థాన విశ్వాసం ఆ తల్లి కన్నీటిని లేకుండా చేసిందని అతడు అనలేదు. కన్నీటికి ఒక క్రమాన్ని ఇచ్చిందని మాత్రమే అన్నాడు.

ఈ మరణాలతో కుటుంబంలో మిగిలిన సంతానం గ్రెగొరీ ఒక్కడే. అంతవరకు పంచుకోగలిగిన బాధ్యత ఇక అవిభాజ్యమైంది.

7. సాసిమా: తండ్రి వేడుకోలు

372 ప్రాంతంలో వాలెన్స్ చక్రవర్తి కప్పదొకియను రెండుగా విభజించాడు. తన అధికారపరిధి కుంచించుకుపోకుండా బాసిల్ కొత్త బిషప్ పీఠాలను సృష్టించి, వాటిలో సాసిమాను గ్రెగొరీకి కేటాయించాడు. మూడు దారులు కలిసే చోట, నీరూ పచ్చదనమూ లేక, బండ్ల రొదతో దుమ్ముతో నిండిన మజిలీ అది. తండ్రి కూడా బాసిల్ పక్షమే వహించడంతో గ్రెగొరీ మరోసారి తలవంచి అభిషేకం పొందాడు గాని, అక్కడ బాధ్యత చేపట్టలేదు. బాసిల్‌కు రాసిన లేఖలలో ఆ గాయం పచ్చిగా కనిపిస్తుంది. తిరిగి కొండల్లోకి వెళ్లిపోయాడు.

అప్పుడు తండ్రి చేసిన వేడుకోలును గ్రెగొరీ తన ఆత్మకథాత్మక కావ్యంలో తండ్రి నోటనే పలికించాడు. 1949 పంక్తుల ఆ కావ్యంలో ఇది అత్యంత నాటకీయమైన ఘట్టం. తండ్రి కొడుకును, ముసలివాడు పడుచువాణ్ణి ప్రాధేయపడుతున్నాడని మొదలుపెట్టి, ధనం అడగడం లేదని, తన పక్కన నిలబడితే చాలునని వృద్ధుడు కోరతాడు. తాను బలులర్పించిన ఏళ్లంత వయసు కూడా కొడుకుకు లేదని గుర్తుచేస్తాడు. కాదంటే తన అంత్యక్రియలు మరొకరు చేయాలని కఠినంగా ముగిస్తాడు. వయసును గురించిన ఆ ఒక్క వాక్యం గ్రెగొరీ పుట్టిన సంవత్సరం విషయంలో చరిత్రకారులను శతాబ్దాలపాటు తర్జనభర్జన పడేటట్లు చేసింది. సాహిత్యపాఠకుడికి మాత్రం అందులో కాలగణన కన్న స్వభావచిత్రణ ముఖ్యం. ఈ వృద్ధుడు దీనుడు కాడు. వేడుకోలును ఆయుధంగా వాడగలడు. ప్రేమ, అధికారం, భయపెట్టడం ఒకే శ్వాసలో కలిసిపోయిన ఆ మాటలను కుమారుడు మరచిపోలేక, చాలా ఏళ్ల తరువాత పద్యంలో నిలిపాడు.

గ్రెగొరీ ఒప్పుకొన్నాడు, ఒక షరతుతో. తండ్రి జీవించి ఉన్నంతవరకే సహాయకుడిగా ఉంటాడు. ఆ తరువాత ఆ పీఠం తనది కాదు. 12వ ప్రసంగంలో తనను గద్ద వెంట ఎగిరే పిల్లపక్షిగా వర్ణించుకొన్నాడు. ఆ పోలికలో ఒక వైపరీత్యం ఉంది: అప్పటికి పిల్లపక్షికి నలభై ఏళ్లు దాటాయి, గద్దకు రెక్కలుడిగాయి.

రెక్కలుడిగిన సంగతి 373లో అందరికీ తెలిసివచ్చింది. పశువుల తెగులు, అనావృష్టి తరువాత వడగళ్లవాన నాజియాంజస్ పంటలను నాశనం చేసింది. భీతిల్లిన ప్రజలు దేవాలయంలో గుమికూడి బిషప్ మాట కోసం ఎదురుచూశారు. వృద్ధ గ్రెగొరీకి మాట రాలేదు. మొదట తండ్రే మాట్లాడాలని కోరుతూ మొదలుపెట్టిన కుమారుడు, ఆ మౌనాన్ని గౌరవిస్తూ తానే ప్రసంగించాడు. పేదల పొలాల సరిహద్దులను జరిపిన, ధాన్యాన్ని దాచిన భూస్వాములను నిలదీశాడు. 16వ ప్రసంగానికి తండ్రి మౌనమే శీర్షికలో చోటుచేసుకొంది. కలమైనవాడు ఇప్పుడు గొంతు కూడా అయ్యాడు.

8. నోన్నా కల

374లో తండ్రి మరణించగా, తల్లి సమక్షంలో, బాసిల్ సమక్షంలో గ్రెగొరీ చేసిన 18వ ప్రసంగం ఈ కుటుంబచరిత్రకు ప్రధాన ఆధారం. ఇందులో ముదిమికి సంబంధించిన వర్ణనలు సజీవంగా ఉన్నాయి. బాసిల్ ఎన్నికకు ఒక్క ఓటు తక్కువ పడుతుందని తెలిసి, రోగశయ్య మీదున్న వృద్ధ గ్రెగొరీ పల్లకీలో కైసరయకు ప్రయాణమయ్యాడు. శవంలా వెళ్లినవాడు యువకుడిలా తిరిగివచ్చాడని కుమారుడి మాట. చివరి రోజులలో ప్రతిదినం వేధించిన నొప్పికి ఆయనకు ఆరాధనక్రమం నిర్వహించేటప్పుడు మాత్రమే ఉపశమనం దొరికేది. వృద్ధాప్యంలో మనిషిని నిలబెట్టేది విశ్రాంతి కన్న ఎరిగిన పనే కావచ్చునన్న గ్రహింపు ఈ వర్ణనలో ఉంది.

తల్లికి సంబంధించిన ఘట్టం మరింత సున్నితమైనది. ఎన్నడూ మంచమెరుగని నోన్నాకు ఒకసారి జబ్బుచేసి, చాలా రోజులు ఆహారం సహించలేదు. ఒక రాత్రి ఆమెకు కల వచ్చింది. తన ముద్దుల కొడుకు గ్రెగొరీ చీకట్లో బుట్టతో వచ్చి, తెల్లని రొట్టెలను ఆశీర్వదించి, సిలువగుర్తు వేసి తినిపించాడు. తెల్లవారి గ్రెగొరీ నిజంగానే వచ్చి, రాత్రి ఎలా గడిచిందని అడిగాడు. నీవే కదా దయతో తినిపించావని ఆమె చప్పున బదులిచ్చింది. పక్కనున్న దాసీలు కాదనవద్దని అతనికి సైగ చేశారు. నిజం తెలిస్తే ఆమె దిగులుతో మళ్లీ కుంగిపోతుందేమోనని వారి భయం. ఆమె కోలుకొంది.

గ్రెగొరీ ఈ సంఘటనను దైవానుగ్రహానికి నిదర్శనంగా చెప్పాడు. చరిత్ర దృష్టితో చూస్తే ఇందులో మరో రెండు అంశాలు బయటపడతాయి. మొదటిది, అతడు గురువుగా దేవాలయంలో చేసే పని తల్లి కలలో పథ్యమైపోయింది. రొట్టెను ఆశీర్వదించే చేతికీ, అమ్మకు అన్నం పెట్టే చేతికీ ఆమె మనసులో భేదం లేదు. 2వ ప్రసంగంలో కుమారుడు తర్కంతో కలపజూసిన రెండు ధర్మాలు తల్లి కలలో అప్రయత్నంగా కలిశాయి. రెండవది దాసీల సైగ. నోన్నాను రాత్రింబగళ్లు కనిపెట్టుకొని ఉన్నది వారు. ఏ మాట ఆమెకు హానిచేస్తుందో కుమారుడి కన్న ముందుగా గ్రహించినదీ వారే. వారి పేర్లు ప్రసంగంలో లేవు. భూవసతి గల కుటుంబాలలో వృద్ధుల సేవ చాలావరకు బానిసల చేతుల మీదుగా నడిచింది. కుమారుల పితృభక్తిని కీర్తించే సాహిత్యంలో ఆ చేతులు ఇలా ఒక్క సైగలో మెరిసి మాయమవుతాయి.

9. స్మృతికవిత్వం

ప్రసంగం చివర గ్రెగొరీ తల్లివైపు తిరిగి ఓదార్చాడు. జీవితం, మరణం అని లోకం పిలిచే రెండింటి మధ్య భేదం కనిపించేంత పెద్దది కాదన్నాడు. నోన్నా భర్త తరువాత ఎక్కువకాలం జీవించలేదు. దేవాలయంలో ప్రార్థిస్తూ, ఒక చేయి బలిపీఠం మీద ఉండగా ప్రాణం విడిచింది. ఈ మరణాన్ని గ్రెగొరీ పదుల సంఖ్యలో చిన్న స్మృతిపద్యాలలో మళ్లీ మళ్లీ చెప్పాడు. గ్రీకు పద్యసంకలనంలోని 8వ సంపుటం పూర్తిగా అతనిదే. అందులో పెద్దభాగం ఇంటివారి మీద రాసినవి, వాటిలోనూ అధికం అమ్మ మీద రాసినవి.

అలంకారశాస్త్ర శిక్షణలో ఒకే విషయాన్ని పలు విధాల చెప్పడం అభ్యాసం కనుక, ఈ పునరుక్తిని కేవలం విద్యాప్రదర్శనగా చూసిన విమర్శకులున్నారు. ఆ వాదనలో కొంత నిజముంది. అయితే తండ్రి మీద కన్న తల్లి మీద రాసినవి ఎన్నో రెట్లు ఎక్కువ కావడాన్ని శిక్షణ వివరించలేదు. తండ్రితో అతనికి వాదం ఉంది; దాన్ని ఆత్మకథలో తేల్చుకోవలసి వచ్చింది. తల్లితో వాదం లేదు. వాదం లేని చోట మిగిలినది స్మరణ మాత్రమే. స్మరణకు పునరుక్తి దోషం కాదు.

ఆధారాల స్వభావాన్ని కూడా ఇక్కడ గుర్తించాలి. 18వ ప్రసంగం నిండు సభలో, విధవరాలైన తల్లి ఎదుట చేసిన అంత్యస్తుతి. అందులో తండ్రి అబ్రాహాము. ఆత్మకథాత్మక కావ్యం కాన్‌స్టాంటినోపుల్ పీఠాన్ని కోల్పోయి వచ్చిన మనిషి చేసుకొన్న ఆత్మసమర్థన. అందులో తండ్రి నిరంకుశుడు కూడా. ఒకే కలం గీసిన ఈ రెండు చిత్రాలలో ఒకటి నిజం, రెండవది అబద్ధం అనడం సరికాదు. ప్రక్రియ మారినప్పుడు అదే ప్రేమ మరో ముఖం చూపింది.

10. కుమారుడి వార్ధక్యం

తల్లిదండ్రులు పోయాక గ్రెగొరీ కొంతకాలం నాజియాంజస్ సంఘాన్ని చూసి, 375 ప్రాంతంలో సెల్యూకియాలోని పునీత తెక్లా ఆశ్రమానికి వెళ్లిపోయాడు. అంతకాలం వాయిదాపడిన ఏకాంతం అప్పుడు దొరికింది. 379లో కాన్‌స్టాంటినోపుల్‌కు పిలుపు వచ్చింది. 381 మహాసభకు అధ్యక్షత వహించి, ఆ సభ మధ్యలోనే పదవి త్యజించి, చివరకు తండ్రి భూమికే తిరిగి వచ్చాడు. ఇప్పుడు ముసలివాడు అతడే. రోగాలు, ఒంటరితనం, సడలిన శరీరం అతని చివరి కవితలకు వస్తువులయ్యాయి. అతనికి భార్యాబిడ్డలు లేరు. ఊతకర్ర కాగల కుమారుడు లేడు.

కుటుంబం మాత్రం పూర్తిగా లేకుండా పోలేదు. గోర్గోనియా సంతతికి చెందిన నికోబులస్ అనే యువకుడి చదువు కోసం గ్రెగొరీ ఉపాధ్యాయులకు సిఫారసు లేఖలు రాశాడు. లేఖ ఎలా రాయాలో అతనికి బోధిస్తూ రాసిన 51వ లేఖ గ్రీకు లేఖారచనా సిద్ధాంతంలో ప్రసిద్ధం. ఆ యువకుడి కోరిక మీదనే తన లేఖలను సంపుటంగా కూర్చి పంపాడు. 381 నాటి అతని వీలునామా నేటికీ లభిస్తోంది. ఆస్తిని నాజియాంజస్ సంఘానికి, పేదల పోషణకు రాసి, బంధువైన ఒక కన్యకు జీవితాంతం భృతి, నివాసం ఏర్పాటుచేశాడు. పేదలకు ఇవ్వడానికి వీలైతే తననూ బిడ్డలనూ కూడా అమ్మివేస్తానన్న నోన్నా మాటకు ఆ వీలునామా ఆలస్యంగా దక్కిన నెరవేర్పు.

11. ధర్మవ్యాధోపాఖ్యానంతో పోలిక

రెండు సంప్రదాయాలకు మధ్య చారిత్రక సంబంధం లేదు. పోలిక ప్రయోజనం ప్రశ్నను స్పష్టం చేయడమే. రెండింటిలోనూ వృద్ధుల సేవ తపస్సుతో సమానం, లేదా అంతకు మించినది. రెండింటిలోనూ ఇల్లు విడిచినవాడు తిరిగి వస్తాడు. భేదం వృద్ధుల చిత్రణలో ఉంది. కౌశికుడి తల్లిదండ్రులు కథలో ప్రత్యక్షంగా కనిపించరు. కొడుకు కోసం ఏడ్చి చూపు కోల్పోయారని మనకు వ్యాధుడి నోట తెలుస్తుంది. వ్యాధుడి తల్లిదండ్రులు పీఠాలపై కూర్చుని పూజలందుకొని దీవిస్తారు. ఇద్దరి విషయంలోనూ వృద్ధులు సేవకు లక్ష్యాలు. ధర్మనిర్ణయం చేసేవాడు మధ్యనున్న జ్ఞాని.

గ్రెగొరీకి దారిచూపే వ్యాధుడు లేడు. ధర్మం చెప్పవలసిన స్నేహితుడు బాసిలే ఒకసారి అతన్ని బయటికి లాగాడు, మరొకసారి తన అవసరానికి వాడుకొన్నాడు. వృద్ధులు స్వయంగా మాట్లాడతారు, ఆజ్ఞాపిస్తారు, ప్రాధేయపడతారు, కలగంటారు, పొరపాట్లు చేస్తారు. అందువల్ల సేవకుడికి లొంగుబాటు ఎక్కడ, ప్రేమ ఎక్కడ అన్నది నిత్యమూ తేల్చుకోవలసిన విషయమైంది. ఉపాఖ్యానం ధర్మాన్ని స్థాపిస్తుంది. గ్రెగొరీ రచనలు ఆ ధర్మాన్ని ఆచరించినవాడికి ఏమి ఖర్చయిందో చెబుతాయి.

12. ఉపసంహారం

క్రైస్తవ విశ్వాసం కుటుంబప్రేమను బలపరచిందా, బలహీనపరచిందా అన్న ప్రశ్నకు నాజియాంజస్ గృహం ఒక్కమాటలో సమాధానం ఇవ్వదు. విశ్వాసమే గ్రెగొరీని ఇంటినుంచి బయటికి పిలిచింది. విశ్వాసమే ఇంటికి తిరిగి పంపింది. గాంగ్రా సభ ఈ వైరుధ్యాన్ని నియమంతో అణచజూసింది. గ్రెగొరీ దాన్ని తనలోనే మోసి, పితృపోషణకు తపస్సు అన్న అర్థాన్ని సంపాదించిపెట్టాడు. ఆ అర్థం అతని ఆగ్రహాన్ని తుడిచివేయలేదు. తండ్రిని అబ్రాహాముగా స్తుతించిన కుమారుడే, తండ్రి మరణించిన ఎనిమిదేళ్ల తరువాత కూడా ఆయన బలవంతాన్ని బలవంతమనే రాశాడు. అయినా ఆ తండ్రి బతికి ఉన్నంతకాలం ఆయన కలమై, గొంతై నిలిచాడు.

వృద్ధుల సేవను గురించిన సాహిత్యం సాధారణంగా సేవకుడి మహిమతోనో, వృద్ధుడి దైన్యంతోనో ముగుస్తుంది. పదహారు శతాబ్దాల కిందటి ఈ రచనలు ఆ రెండింటినీ దాటాయి. తండ్రి మొండితనాన్ని, తల్లి కలను, దాసీల సైగను, కుమారుడి అలసటను అవి ఒకేచోట భద్రపరిచాయి. తెలుగులో వార్ధక్యచిత్రణపై జరిగే పరిశోధన సేవాధర్మాన్ని మాత్రమే కాక, సేవ పొందేవారి ఇష్టాన్ని, సేవచేసేవారి అసమ్మతిని, పేరులేని చేతుల శ్రమను కూడా పరిగణనలోకి తీసుకోవడానికి ఈ తులనాత్మక దృష్టి తోడ్పడుతుంది.